పసుపు మొహం మీది గీత

సాయవ్వ మొహాన్ని కుక్క నాకడం ఊరంతా చూసింది. చూసి ఊరుకుంటే అది ఊరెందుకవుతుంది?

నవీపేట్ దగ్గరి ఆ ఊళ్లో పసుపు ఉడకబెట్టే రోజులొస్తే సాయవ్వ లేనిదే పొయ్యి అంటుకోదు. కొమ్ములు ఉడికాయా లేదా అని అందరూ పుల్ల గుచ్చి చూస్తారు. ఆమె మాత్రం ఆవిరి వాసన చూసి చెప్పేస్తుంది. సాయంత్రానికి ఆ వేడికి, చెమటకి మొహమంతా ఉప్పు పేరుకుంటుంది. ఇంటికొచ్చి గడప మీద కూలబడగానే పెంపుడు కుక్క మల్లి వచ్చి, ముందు కాళ్లు రెండూ ఆమె భుజాల మీద వేసి, గడ్డం నుంచి నుదురు దాకా నాకేస్తుంది. సాయవ్వ కళ్లు మూసుకుని నవ్వుతుంది.

మల్లి తల్లిని చెరకు ట్రాక్టర్ తొక్కేసినప్పుడు దానికింకా కళ్లు తెరుచుకోలేదు. గుడ్డ తడిపి నోట్లో పాలు పిండి బతికించింది సాయవ్వ. టీకాకు తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టర్ భానుప్రసాద్‌ను అడిగింది.

"సారూ, గిదెందుకు నా మొహం గట్ల నాకుతది?"

"చెమటలో ఉప్పుంటుంది కదమ్మా, అదొకటి. ఇంకోటేంటంటే, అడవిలో ఈ జాతి పిల్లలు వేట నుంచి వచ్చిన తల్లి మూతి నాకుతాయి. తల్లి తిన్నది కక్కి పెడుతుంది. ఆ అలవాటు ఇంకా పోలేదు. మీరు పని నుంచి వస్తే దానికి తల్లి వచ్చినట్టే. మొహం మాత్రం కడుక్కుంటూ ఉండండి."

"ముగ్గురిని కని సాదిన సారూ. నేను పనికి పోయొస్తే ఒక్కలన్న గింత సంబురపడ్డరా?" అంది సాయవ్వ.

ఆషాఢంలో గ్రామదేవతకు ఊర పండుగ. మొదటి బోనం సాయవ్వ అత్తగారింటిది. అత్త పోయాక పంతొమ్మిదేళ్లుగా ఆమే ఎత్తుతోంది. ఆ వంతు తప్ప ఆమెకు ఊళ్లో చెప్పుకోదగ్గదేదీ లేదు. పండుగ వారం ఉందనగా గ్రామ కమిటీ ఆమెను పిలిపించింది. కమిటీ మాట దాటిన వాళ్లకు కిరాణా కొట్టులో ఉప్పు కూడా పుట్టదు. కమిటీ పెద్ద తుకారాం గొంతు సవరించుకున్నాడు.

"కుక్క ఎంగిలైన మొహంతోని అమ్మకు బోనమెట్ల ఎత్తుతవ్ సాయవ్వా? దాన్ని సిరికొండ అడవిల ఇడిసిపెట్టు. లేకుంటే మొదటి బోనం ఇంకో ఇంటికి పోతది."

"బోనం దించినంక గుడి ముంగట సల్లిన బువ్వ ఏటేటా తినేదెవలు తుకారామన్నా? కుక్కలే గద. అమ్మ ఎన్నడన్న అదిలిచ్చిందా? అమ్మకు లేని ఎంగిలి నీకెక్కడికెల్లి అచ్చింది? కుక్కను ఇడువ. బోనం ఇడువ."

మాటకు ఓడిన పెద్దమనిషి ఏం చేస్తాడో తుకారాం అదే చేశాడు. సాయవ్వ బోనానికి ఎవరూ చెయ్యి వేయొద్దని డప్పు చాటించాడు. చిన్న శిక్షేం కాదది. నిండు కుండ, పైన వెలిగే దీపం. ఇంకొక ఆడమనిషి ఎత్తివ్వందే బోనం నెత్తికి ఎక్కదు.

పండుగ పొద్దున సాయవ్వ మొహం నిండా పసుపు పూసుకుంది. బోనాన్ని అరుగు మీద పెట్టి వీధిలోకి చూసింది. వాడకట్టు ఆడవాళ్లంతా గుమ్మాల్లోనే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని అరుగు పక్కన గొంతుక్కూర్చుంది. మొహం అందిన తర్వాత మల్లి ఊరుకుంటుందా? అందరూ చూస్తుండగా గడ్డం నుంచి కంటి దాకా ఒక్క నాకు నాకింది. పసుపు మధ్యలో నల్లటి చర్మం గీతలా బయటపడింది.

సాయవ్వ దాన్ని అదిలించలేదు. కుండను నెత్తి మీదికి జరుపుకుంది. లేవబోతే బోనం ఊగింది, దీపం వంగింది. అంతలో రెండు చేతులు వచ్చి కుండను పట్టుకున్నాయి. తుకారాం భార్య వసంతమ్మ!

"ఇంట్ల ఎవలేమన్నా నేను సూసుకుంట. లే అక్కా," అంది వసంతమ్మ. సాయవ్వ లేచి నిలబడ్డాక ఆ గీత చూసి కంగారుపడి, తన చెంప మీది పసుపు వేలికి తీసుకుంది. "ఆగు, గింత పూస్త. ఎవలకూ కనవడది."

"పూయకు వసంతా," అంది సాయవ్వ. "గట్లనే ఉండనీ. అమ్మ గూడ సూడనీ."