కొబ్బరినీళ్లు తాగిన మిషను

కాశీబుగ్గలో వడ్రంగి మిషన్లు బాగుచేసే మావ పోయారని మంగళవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. అప్పుడు నేను కవిటిలో ఒకరింటి తలుపుకి చిత్రిక పడుతున్నాను. మిషను ఆపి, వైరు చుట్టి, చెక్క మీద వెల్లకిలా పెట్టి కూర్చుండిపోయాను. వేడిగా ఉన్న మిషనుని దుమ్ములో పడేయకూడదని నేర్పింది ఆయనే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు.

మావ అన్నానని చుట్టం అనుకునేరు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా రంపం పట్టిన ప్రతివాడికీ ఆయన మావే. బస్టాండు వెనక సందులో చిన్న గది ఆయన కొట్టు. గోడ నిండా మేకులు, మేకులకి కడుపులు విప్పిన పాత మిషన్లు. ఏ కంపెనీది మంచిది మావా అని అడిగితే నోటితో చెప్పేవారు కాదు. లేచి రెండు మిషన్లు దించి ఒళ్లో పెట్టేవారు. ఒకదాంట్లో ఇనప పళ్లచక్రం ఉంటే రెండోదాంట్లో ప్లాస్టిక్‌ది ఉండేది. "పైన రంగు సూడకు, లోపల పల్లు సూడు," అనేవారు. ఎద్దుని కొనేవాడు పళ్లు చూడడూ, అలాగన్నమాట.

తర్వాత ఆయనే మనల్ని అడగడం మొదలుపెట్టేవారు. రోజుకి ఎన్ని గంటలు ఆడిస్తావు? మోటారులో కార్బన్లు అరిగితే ఎక్కడ కొంటావు? చివరికి ఒక వింత ప్రశ్న ఉండేది. "సాయంత్రం మీ ఇంట్లో ఫేను ఎలగ తిరుగుతాది?" కరెంటు తక్కువై ఫ్యాను నీరసంగా తిరిగే ఊళ్లో నాజూకు మోటారు నాలుగు రోజులు బతకదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పగా నేను చూడలేదు.

ఒకసారి టెక్కలి నుంచి రిటైరైన మేష్టారు ఒకాయన వచ్చారు. మేస్త్రీలు వాడే ఖరీదైన డ్రిల్లే కావాలని పట్టుబట్టారు.

"ఏడాదికి ఎన్ని కన్నాలు పెడతారు బాబూ?" అన్నారు మావ.

"పటాలు తగిలించుకోడానికి. ఓ పదో, పన్నెండో."

"పన్నెండు కన్నాలకి ఏనుగెందుకు బాబూ, దానికి మేతెవుడు పెడతాడు? ఈ సిన్నది అట్టుకెల్లండి. పది నిమిసాలు ఆడించి, పది నిమిసాలు పండబెట్టండి. మీ మనవడి పెల్లి దాకా వొత్తాది."

"ఇది మంచిది కాదంటారే అందరూ?"

"వొడ్రంగికి మంచిది కాదు. మీకు మంచిదే."

పెద్దది అమ్మితే వచ్చే కమీషను పోయినా ఆయన మాట అదే. మంచి మిషను, చెడ్డ మిషను అని ఆయన దగ్గర ఉండేవి కావు. పనికి సరిపోయినది, సరిపోనిది, అంతే.

నా కథ పదేళ్ల కిందటిది. బారువలో ఒక కొత్త ఇంటికి గుమ్మాలు, తలుపులు ఒప్పుకున్నాను. అన్నీ పనస చెక్కవి. నా చేతికి వచ్చిన మొదటి సొంత పని అది. గృహప్రవేశానికి తొమ్మిది రోజులుంది. ఆ వేళకి తలుపులు నిలబడకపోతే బరంపురం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటానని ఇంటాయన ముందే చెప్పాడు. అదే జరిగితే ఆ చుట్టుపట్ల నన్ను ఇంకెవరూ పిలవరు.

చిత్రిక మిషను కొనుక్కుందామని మావ దగ్గరికి వెళ్లాను. నా కన్ను నీలం రంగు మిషను మీద పడింది. "గొప్పదే అల్లుడూ, పేచీ నేదు. కానీ అరిగితే సామాను విశాక నుంచి రావాల, నీ పని ఆగిపోతాది. దీని సామాను నా డబ్బాలోనే ఉన్నాది," అని బూడిదరంగుది ఇప్పించారు.

ఇంటికి తెచ్చాను. మా అమ్మ దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఉద్దానం కొబ్బరితోటల వాళ్లం, కొత్త నాగలైనా కొత్త మోటారు సైకిలైనా కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీద పోస్తేగాని మాకు తృప్తి ఉండదు. నేను కొట్టాను. భక్తి కాస్త ఎక్కువై రెండు చిప్పల నీళ్లూ పోశాను. మర్నాడు బారువలో మొదటి చెక్క సగం కాకముందే కమురు వాసన వచ్చి మిషను ఆగిపోయింది.

కోపంతో కాశీబుగ్గ పరిగెత్తాను. "నువ్వు సెప్పిన కంపెనీయే మావా. ఒక్క పూట ఆడనేదు," అన్నాను.

ఆయన మిషను విప్పారు. లోపల వేలు పెట్టి రాసి, ఆ వేలు నాలిక్కి తగిలించుకున్నారు.

"తియ్యగున్నాది," అన్నారు. "కంపెనీవోడు కొబ్బరినీల్లు పోసి పంపడురా."

కొట్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. బారువ పని సంగతి, గడువు సంగతి చెప్పాను. మావ నవ్వడం ఆపేశారు. బల్ల కింద నుంచి తన సొంత మిషను తీశారు. ఎవరికీ ఎరువివ్వరని పేరున్న మిషను అది. "మోటారు నాది, పరువు నీది. రెండూ జాగర్త," అని నా చేతిలో పెట్టారు.

తలుపులు గృహప్రవేశానికి ఒక రోజు ముందే నిలబడ్డాయి. ఇంటాయన వేసి, తీసి, మళ్లీ వేసి చూసి, తన తమ్ముడింటి పని కూడా నాకే చెప్పాడు. నేను ఈరోజు తింటున్న అన్నం ఆ తలుపుల్లోంచే వచ్చింది.

మిషను తిరిగిచ్చేటప్పుడు నీకేం తెమ్మంటావని అడిగాను. "మీ తోటలో బొండాం తే. మిసనుకి పోసినావు, నాకు పోయవేటి?" అన్నారు. అప్పటి నుంచి కాశీబుగ్గ వెళ్లినప్పుడల్లా ఒక బొండాం పట్టుకెళ్లేవాణ్ణి. ఆయన గడప అవతలికి వెళ్లి, కొట్లో చుక్క పడకుండా, దించకుండా ఒక్క గుక్కలో తాగేవారు. కాలిపోయిన నా ఆర్మేచరుని, అంటే మోటారులో తిరిగే తీగచుట్టని, గోడకి తగిలించి, కొత్త మిషను కొన్న ప్రతివాడికీ చూపించి, "కాయ నేల మీద కొట్టండి, బొట్టు పెట్టె మీద ఎట్టండి," అని చెప్పేవారు. అలా ఉద్దానమంతా నా భక్తి సంగతి తెలిసిపోయింది.

నాలుగేళ్ల కిందట ఆయన కాళ్లు వాచాయి. మా వైపు అది కిడ్నీల జబ్బని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ సంగతి తెలియక నేను ఎప్పటిలాగే బొండాం పట్టుకెళ్లాను. ఆయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేశారు. "డాట్రు వొద్దన్నాడు. కొబ్బరినీల్లు మిసనుకీ పడవు, నాకూ పడవు," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చుట్టూ కొబ్బరితోటలున్న మనిషికి ఆ శిక్ష ఏమిటని దేవుణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

డయాలసిస్‌కి నేను విశాఖ తోడెళ్లినప్పుడు కూడా ఆయన తీరు మారలేదు. ఇది ఏ కంపెనీ మిషను, సామాను ఇక్కడే దొరుకుతుందా అని నర్సుని అడిగారు. ఆ అమ్మాయి తెల్లబోయింది. నా వైపు తిరిగి, "వారానికి రెండు మాట్లు, నాలుగేసి గంటలు. రోజువారీ పనికి సేసిన మిసనిది. దేవుడు నాకిచ్చిన కిడ్నీలే ఇంటి రకంవి అల్లుడూ," అన్నారు.

పదో రోజు కర్మ బారువ ఒడ్డున చేశారు. ఆయనకి ఇష్టమైనవన్నీ ఇంటివాళ్లు ఆకులో పెట్టారు. నేను మా తోటలోంచి ఒక బొండాం తీసుకెళ్లాను. అందరూ పక్కకి జరిగాక దాన్ని చెక్కి, ఆకు పక్కన ఇసుకలో మొత్తం ఒంపేశాను.

"తాగు మావా. ఇంకేటీ కాలిపోదు," అన్నాను.

ఇసుక ఆ నీళ్లని ఒక్క గుక్కలో తాగేసింది.