పింగాణీ గిన్నెలో నిప్పు

నా చిన్నప్పుడు మా ఇంటి పొయ్యి రెండు నెలల పాటు రోజూ సాయంత్రం ఆరిపోయేది. ఆ సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. ఎక్కడైనా చెప్తే వీపు చిట్లగొడతానన్న మా జేజి, అంటే మా నాయనమ్మ, పోయి చాలా ఏళ్లయింది.

మాది బేతంచెర్ల. బండల గనుల నుంచి లేచిన తెల్లటి దుమ్ములో, పొద్దు వాలే వేళ ఇళ్లూ మనుషులూ అన్నీ కలలో కనిపించినట్టు మసగ్గా ఉండేవి. అలాంటి ఒక సాయంత్రం ఆ దుమ్ములోంచే ఆమె నడిచి వచ్చింది. రంగూన్‌లో గొడవలకు తాళలేక పారిపోయి వచ్చిన తెలుగామె. భర్త దారిలోనే పోయాడు. చంకలో రెండేళ్ల పిల్ల, చేతిలో నీలి అంచు పింగాణీ గిన్నె, అంతే ఆస్తి. మా ఇంటి వెనక పాత కొట్టంలో దిగింది. పనికని గనికి పోతే మేస్త్రీ, "నీకు పూచీ ఎవరు?" అని తిప్పి పంపాడట. చూపించడానికి ఆమెకు కాగితమూ లేదు, చెప్పుకోవడానికి మనిషీ లేడు.

మా జేజి నా చేత సత్తు గిన్నెలో సంగటి పంపింది. ఆమె పిల్లకు పెట్టి, గిన్నె కడిగి, కొట్టం నాలుగు మూలలా వెతకసాగింది. ఒకరు పంపిన గిన్నెను ఉత్తది తిరిగి ఇవ్వకూడదు కదా. ఎంత లేనివాళ్లైనా గుప్పెడు చింతచిగురైనా వేసి ఇస్తారు. ఆమెకు అదీ దొరకలేదు. నేనేమో ఒట్టి వాగుడుకాయను.

"నీకాడ ఏముండాదని ఎతుకుతాండావు అత్తా? ఉత్తదే ఇయ్యిలే" అన్నాను.

ఆమె ఉత్త గిన్నే నా చేతిలో పెట్టింది. మర్నాడు సంగటి తీసుకుపోతే, "మేం తిన్నాం పాపా" అని తలుపు వేసేసింది. మూడో రోజూ అంతే. లోపల ఏడ్చే ఓపిక కూడా లేక పిల్ల మూలుగుతోంది. నాకు భయం వేసి, నేనన్న మాట జేజికి చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. జేజి నా వైపు ఒక చూపు చూసి, మండుతున్న పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించింది. ముసలామెకు మతి పోయిందనుకున్నాను. నా రెక్క పట్టుకుని కొట్టం దగ్గరికి లాక్కుపోయింది. అక్కడ ఆమె ఏరుకొచ్చిన కంపలతో పిల్లకు నీళ్లు కాస్తోంది. ఆమె దగ్గర ఉన్నది ఆ నిప్పొక్కటే.

"ఏమ్మా, మా పొయ్యి ఆరిపోయిండాది. రోంత నిప్పు ఇస్తావా? గిన్నె తెచ్చేది మర్చిపోతి" అంది జేజి.

మా ఊరికి వచ్చాక ఆమెను ఒకరు ఏదైనా ఇమ్మని అడగడం అదే మొదలు. పింగాణీ గిన్నెలో బూడిద పరిచి, మంచి కణికలు ఏరి పెట్టి, రెండు చేతులా ఇచ్చింది. ఆ ముఖం నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. మసక దారిలో ఎర్రగా వెలుగుతున్న గిన్నెతో జేజి ముందు నడుస్తుంటే, వెనక నాకు ఇదంతా నిజమేనా అనిపించింది.

గంటలో అదే గిన్నె నిండా సంగటి, పప్పు పెట్టుకుని మళ్లీ పోయాం.

"నీ గిన్నె ఉత్తది ఎట్ల ఇచ్చేది తల్లీ?" అంది జేజి.

ఆమె కాదనలేకపోయింది. పిల్ల ముద్ద మింగేదాకా జేజి గడప దగ్గరే నిలబడింది. ఇక రోజూ మా పొయ్యి ఆరిపోతూనే ఉంది. దీనికేం తెగులు పట్టిందోనని ఏమీ తెలియని మా అమ్మ తిట్టుకునేది. చివరికి జేజి తానే పూచీపడి గనిలో ఆమెకు పని ఇప్పించాకే ఆ తెగులు వదిలింది.

ఇప్పుడు నాకూ జేజి వయసొచ్చింది. మా వీధి చివరి షెడ్డులో, ఎక్కడినుంచో తరిమితే వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ దిగుతుంటారు. నేను అన్నం గిన్నెతో పోను. ముందు ఉత్త చేతులతో పోయి అగ్గిపెట్టె అడుగుతాను. ఇంట్లో డజను పెట్టెలున్నాయని మా కోడలికి నవ్వు. మొన్న ఒకామె తన దగ్గరున్న పెట్టె నా చేతిలో పెట్టింది. తెరిస్తే మూడే పుల్లలు. దాన్ని కొంగున ముడేసుకుని ఇంటికొచ్చి, ముందు బియ్యం కడిగాను.