డేగ గొంతు

నిన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఎక్కడో డేగ కూసింది. అది డేగ కాదనీ, తోక కత్తెరలా చీలిన నల్లటి ఏట్రింత అనీ నాకు తెలుసు. అయినా కాళ్లు ఆగిపోయాయి. వెనక వస్తున్నాయన విసుక్కున్నాడు. ఆ పిట్ట డేగ గొంతును ఎంత బాగా అరువు తెచ్చుకుంటుందో నేను తెలుసుకున్నది ఈ దగ్గర్లోనే, మధురానగర్‌లోని ఓ హాస్టల్ గదిలో. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. పిట్టల మీద పరిశోధన సగంలో వదిలేసి, మా బావగారి బలవంతం మీద జావా నేర్చుకోవడానికి వచ్చి పడ్డాను. గదిలో నాలుగు మంచాలు, ఒకే ఒక కిటికీ. దానికి అడ్డంగా కోచింగ్ సెంటర్ వాళ్ల హోర్డింగ్. పట్టపగలు లైటు వేసుకుని కూర్చుంటే నిజంగానే ఊపిరాడేది కాదు. పక్కన మిగిలిన జానెడు సందులోంచి ఖాళీ స్థలమూ, ఒక కానుగ చెట్టూ కనిపించేవి. నా ప్రాణమంతా ఆ సందులోనే ఉండేది.

పొద్దున్నే అక్కడికి రకరకాల పిట్టలు కలిసి దిగేవి. గోరింకలు గోల చేస్తూ గడ్డి కెలికేవి, పిగిలిపిట్టలు కొమ్మల్లో ఏరుకునేవి, ఏట్రింత పైన కూర్చుని కాపలా కాసేది. నిజంగా డేగ వస్తే తన సొంత గొంతుతో కరుగ్గా అరిచి వెంటపడి తరిమేది. ఏ గోరింకకో బలిసిన పురుగు దొరికినప్పుడు మాత్రం అచ్చం డేగలా కూసేది. గుంపంతా చెల్లాచెదురు, పురుగు ఏట్రింత నోట్లో. రోజూ అదే మోసం, రోజూ అవే గోరింకలు. వీటికి బుద్ధి రాదా అని నా బాధ.

పక్క మంచం అతన్ని గదిలో అందరం అన్నా అనేవాళ్లం, కరీంనగర్ వైపువాడు. ఎన్నాళ్లనుంచో టెస్టింగ్ నేర్చుకుంటూనే ఉన్నాడు. ఈ సంగతి చెబితే బనియన్ పిండుతూ నవ్వాడు.

"ఒక్కపారి నిజమైతే ఎట్ల? గా ఫికర్‌తోనే ఉరుకుతయి. మనం సుత ఉరుకుతలేమా?"

ఉరికేవాళ్లమే మరి. పంజాగుట్టలో ఏదో కంపెనీ వాక్-ఇన్ ఇంటర్వ్యూ అని ఎవడో అంటే చాలు, క్లాసులు వదిలేసి, ఫైళ్లు చంకన పెట్టుకుని అందరం పరుగు. అక్కడ వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. చెప్పినవాణ్ణి తిట్టుకుంటూ తిరిగొచ్చి, పై వారం మళ్లీ పరుగు.

ఆ వేసవిలో మా పరిశోధన గైడుగారికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "ఏంటయ్యా, పిట్టల్ని వదిలేశావా? సోమవారం పొద్దున మాసబ్ ట్యాంక్ ఆఫీసులో ఉంటాను. వచ్చావంటే ప్రాజెక్టులో చోటు నీది, లేదంటే ఇంకొకళ్లకి ఇచ్చేస్తాను" అన్నారు. జైలు తలుపు తెరిచినట్టయింది.

సోమవారం బస్టాపులో నిలబడ్డాను. మాసబ్ ట్యాంక్ వెళ్లే బస్సు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే మా గది అన్న రొప్పుతూ వచ్చాడు.

"తమ్మీ, పంజాగుట్టల వాక్-ఇన్ ఉన్నదట. జల్ది రా."

అబద్ధమని నాకు తెలుసు. అయినా బావగారి ముఖం గుర్తొచ్చింది, ఒక్కసారి నిజమైతే అనిపించింది. చూసి వెంటనే వచ్చేద్దామనుకుంటూ హాస్టల్ జనంతో పాటు పరుగెత్తాను.

ఆ ఒక్కసారి నిజమే అయింది. సాయంత్రానికి నన్ను తీసుకున్నారు, అన్నను తీసుకోలేదు. "బతికినవ్ తమ్మీ" అని వీపు తట్టాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కాబోలనుకుని అన్న టీ ఇప్పించాడు. ఆ తర్వాతి ఏళ్లన్నీ ఆఫీసులో ఎలాగో గడిచిపోయాయి గానీ, నా ఎదుట బస్సు ఆగి ఉన్న ఆ కాస్త సేపు మాత్రం నాకింకా గడవలేదు.