సొరుగులో ఉండిపోయిన పాస్‌పోర్టు

షార్జా అల్ నహ్దాలో, ఒక సూపర్‌మార్కెట్‌కీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న టైపింగ్ సెంటర్లో సనావుల్లా కూర్చునే కుర్చీకి చేతులు లేవు. మోచేతులు తగిలి అరబ్బీ అక్షరాలు తప్పు పడుతున్నాయని తనే వాటిని ఊడబీకించాడు. తప్పంటే ఆయనకు అంత కిట్టదు. వీసా అర్జీలో తండ్రి పేరు పక్కన ఒక చుక్క ఎక్కువ పడితే కాగితం మొత్తం చించేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ చించడంలో కూడా ఒక పద్ధతి ఉండేది. నాలుగు మడతలు పెట్టి, గీత వెంబడి.

ఊరు కడప జిల్లా. చిన్నప్పుడు మదరసాలో కొట్టించుకుంటూ నేర్చుకున్న అరబ్బీ, ఇంటర్ తప్పాక నేర్చుకున్న టైపు, ఈ రెండూ కలిసి ఆయన్ని తొంభై ఆరులో దుబాయ్ చేర్చాయి. దుబాయ్ అంటే షార్జానే అనుకోండి, ఊళ్లో చెప్పేటప్పుడు అంతా దుబాయే. ఎనిమిదేళ్లు అజ్మాన్‌లో ఒక గదిలో ఎనిమిది మందిలో ఒకడిగా పడుకుని, ఫ్యామిలీ వీసాకి అర్హత వచ్చిన మర్నాడే భార్య జైబున్నీసా కాగితాలు టైపు చేశాడు. ఆ అర్జీలో ఒక్క తప్పు లేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆమె అందంగా ఉంటుందని ఎవరైనా అంటే మాత్రం సిగ్గుపడతాడు.

చుట్టుపక్కల నాలుగు బిల్డింగుల తెలుగువాళ్లకీ ఆయన మాటే చట్టం. ఏ కాగితానికి ఎన్ని కాపీలు, ఏ ముద్ర ముందు, ఏది తర్వాత, ఏ ఆఫీసు పెద్ద, అదే ముదీర్, ఎన్ని గంటలకి టీకి లేస్తాడు, అన్నీ నాలిక మీద ఉండేవి. అంతా తెలిసిన మనిషికి ఏమీ తెలియనివాళ్ల మీద ఉండే కోపం కూడా ఆయనకు దండిగా ఉండేది. వీసా గడువు దాటిపోయి, లేదా వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా తిరిగేవాళ్లని అక్కడ ఖల్లివల్లి అంటారు. ఆ మాట సనావుల్లా నోట్లో పడితే పంటి కింద రాయి పడ్డట్టు వినపడేది.

రెండువేల ఏడు జూన్‌లో ఆమ్నెస్టీ ప్రకటించారు. కాగితాల్లేనివాళ్లు జరిమానా లేకుండా దేశం విడిచిపోవచ్చు, లేదా కాగితాలు సరిచేసుకోవచ్చు అన్నారు. సెంటర్ ముందు మనుషుల బారు రోడ్డు మీదికి వచ్చింది. సనావుల్లాకి పని పెరిగింది, దాంతో పాటు ఒంటికి మంట పెరిగింది. చట్టం పాటించినవాడికి ఏం మిగిలిందప్పా అని ఒక్కో అర్జీకీ ఒక్కసారైనా అనకుండా ఆయన ప్రింట్ నొక్కలేదు.

దీనికి ఆజ్యం పోసేవాడు మూర్తి. విజయవాడ మనిషి, పై అంతస్తులో ఉంటాడు, ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో అకౌంటెంటు. శుక్రవారం సాయంత్రం పేపరు చంకలో పెట్టుకుని దిగేవాడు.

"అమెరికాలోనూ ఇదే రభస సనావుల్లా గారూ," అన్నాడు ఒక శుక్రవారం. "కాగితాల్లేని కోటిమందికి దారి చూపించాలని కొందరు, సరిహద్దుకి కంచె వెయ్యాలని కొందరు. సెనేట్‌లో కొట్టుకుంటున్నారు."

"కంచె ఏం చాల్తాది మూర్తిగారూ. గోడ కట్టాల."

"మరి గోడ దాటినవాళ్లని?"

"వాళ్లని పంపించి, ఆనేక కట్టాల."

ఇద్దరూ ఆ అమెరికాని ఫోటోల్లో తప్ప చూసినవాళ్లు కారు. ఇద్దరి వీసాలూ మూడేళ్లకోసారి ఒకరి సంతకం మీద బతికేవే. అయినా ఆ సరిహద్దుని ఎంత ఎత్తున కట్టాలన్నదాని మీద పరాయి దేశంలో, పక్క కెఫెటేరియా నుంచి తెప్పించిన టీ చల్లారేదాకా వాదించుకున్నారు. జూన్ చివర్లో, కాగితాల్లేనివాళ్లకి దారి చూపించే బిల్లు సెనేట్‌లో వీగిపోయిందని మూర్తి పేపరు చూపిస్తే సనావుల్లా బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ టీ చెప్పాడు. ఆ బెంచీ మీద కూర్చున్న ఆరుగురిలో ఐదుగురు ఖల్లివల్లిలే. పాపం, వాళ్లూ తాగారు.

భీమరాజు వచ్చింది జూలైలో. కరీంనగర్ దిక్కు మనిషి, నలభై దాటాయి, చేతుల మీద టైల్సు సిమెంటు మచ్చలు. ముసఫ్ఫాలో ఐకాడ్ అనే పారిశ్రామిక వాడ దగ్గర ఒక ఫ్యాక్టరీకి వచ్చి, చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని ఒకటి అయ్యేసరికి క్యాంపు వదిలి వచ్చేశాడు. రెండేళ్ల నుంచి షార్జాలో దొరికిన పని చేసుకుంటున్నాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. అప్పటికే ఆమ్నెస్టీ ఆఫీసు దగ్గర రెండు రోజులు ఎండలో నిలబడి, ఫారం టైపు చేయించుకు రమ్మంటే ఇటు వచ్చాడు.

సనావుల్లా టైపు చేస్తూనే పాఠం మొదలుపెట్టాడు. దేశమంటే ఇల్లు లాంటిదన్నాడు. యజమానికి చెప్పకుండా లోపల ఉండిపోతే ఏమంటారో చెప్పమన్నాడు. భీమరాజుకి ఏసీ కింద నిలబడ్డం బాగున్నట్టుంది, పాఠం సాగినా ఫరవాలేదన్నట్టు తల ఊపుతున్నాడు. ఫారంలో 'ఉల్లంఘనకు కారణం' అని ఒక గడి ఉంది. సనావుల్లా అక్కడ ఎవరికైనా ఒకటే వాక్యం కొట్టేవాడు: చట్టం తెలియకపోవడం వల్ల. అది చదివి వినిపిస్తే భీమరాజు మొదటిసారి నోరు తెరిచాడు.

"నాకు తెల్సు గద భాయ్. తెల్సే వచ్చేసిన."

"తెలుసని రాస్తే తిక్కోడు అనుకుంటారు. నేను రాసింది రాసినట్టు ఉండనీ. ఫోటో అంటించు, ఆ సొరుగులో బంక ఉంటాది."

భీమరాజు సొరుగు లాగాడు. బంక వెతుకుతుంటే స్టాప్లర్ పిన్నుల పెట్టె కింద ఒక పాస్‌పోర్టు తగిలింది. కొత్తది. తెరిస్తే ఒక పసిపిల్ల ఫోటో, ఎవరో అదిలించినట్టు కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

"మీ బిడ్డనా భాయ్?"

సనావుల్లా ముఖం విచ్చుకుంది. అనమ్. ఎనిమిది నెలలు. ఆ ఫోటో కథ చెప్పకుండా ఉండలేకపోయాడు. స్టూడియోలో రెండుసార్లు కళ్లు మూసేసిందని, కళ్లు మూసిన ఫోటో పాస్‌పోర్టుకి పనికిరాదని తిప్పి పంపారని, మూడోసారి జైబున్నీసా కెమెరా వెనక తాళాల గుత్తి ఆడిస్తే అదిగో, అలా చూసిందని. భీమరాజు నవ్వుతూ పేజీలు తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాడు. ఇంగ్లీషూ అరబ్బీ ఆయనకు రావు. కానీ వీసా లేని పేజీ ఎలా ఉంటుందో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు.

"ముద్ర ఏ పేజీల ఉన్నది భాయ్?" అన్నాడు మెల్లగా, పక్కనున్నవాళ్లకి వినపడకుండా.

సనావుల్లా చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

ఆ దేశంలో పుట్టిన బిడ్డకి నూట ఇరవై రోజుల లోపల వీసా వేయించాలి. ఈ మాట ఆయన కొన్ని వందలమంది తండ్రులకి, వేలు చూపించి మరీ చెప్పాడు. ఫోటోల గొడవలో పాస్‌పోర్టు రావడమే జనవరి ఆఖరైంది. ఇంకా పదిహేను రోజులుంది కదా, నా చేతిలో పనే కదా అని సొరుగులో వేశాడు. మర్నాడు ఎవరో ఏడుస్తూ వచ్చారు, వాళ్ల పని ముందు చేశాడు. ఆ మర్నాడు ఇంకెవరో. పిన్నుల పెట్టె ఒకటి వచ్చి దాని మీద కూర్చుంది. జైబున్నీసా రెండుసార్లు అడిగితే, టైపింగ్ సెంటర్లో పని చేసేవాడి కూతురికి నువ్వు గుర్తు చేయాల్నా అని నవ్వాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి చెప్పాడు. ముందు అమెరికా సెనేట్ గురించి మొదలుపెట్టాడట. ఆమె పళ్లెంలో అన్నం పెడుతూ విని, విషయం తెలిశాక గరిటె కింద పెట్టింది.

"అంటే ఏంజీ, రోజూ పొద్దున లేస్తే మీరు తిట్టే ఖల్లివల్లి నా ఒళ్లో పండుకోనుండాదా?"

సనావుల్లా అన్నం కలుపుకున్నాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు గానీ నవ్వలేదు. అనమ్‌ని దేశం విడిచి పొమ్మంటే ఏం చేస్తారని అడిగింది. బిడ్డ పోతే తనూ పోవాలి. మళ్లీ ఎన్నేళ్లకు వచ్చేది? మళ్లీ ఆయన అజ్మాన్ గదిలో ఎనిమిదిమందిలో ఒకడు కావాల్సిందేనా? ఎవరి సందేహమైనా ఆయనే తీర్చేవాడు కాబట్టి, ఆయన సందేహం తీర్చేవాడు ఆ నాలుగు బిల్డింగుల్లో దొరకలేదు. మూర్తిని అడగడం కంటే ఊరికెళ్లిపోవడం నయం. చివరికి భీమరాజుకి ఫోన్ చేశాడు.

రెండ్రోజుల వరుసలో భీమరాజు సకలమూ నేర్చుకుని ఉన్నాడు. పిల్లల కాగితాలు తండ్రి వీసా మీద సరిచేస్తున్నట్టు విన్నానన్నాడు. కొందరిని మాత్రం ఔట్‌పాస్, అంటే దేశం దాటడానికి మాత్రమే పనికొచ్చే కాగితం, తీసుకుని పొమ్మంటున్నారని కూడా దాచకుండా చెప్పాడు. పొద్దున ఆరింటికే రావాలని, ఎవరి కాగితమో ఆ మనిషే ముందు నిలబడాలని, తడిపిన తువ్వాలు తెచ్చుకోవాలని చెప్పాడు.

ఎవరి కాగితమో ఆ మనిషి ముందు నిలబడాలన్నది సనావుల్లా చట్టంలాగే తీసుకున్నాడు. మర్నాడు అనమ్‌ని భుజానేసుకుని, పాలసీసా, తడి తువ్వాలు, ఫైలు పట్టుకుని ఆమ్నెస్టీ ఆఫీసు ముందు వేసిన గుడారం కిందికి చేరాడు. తను పాఠం చెప్పినవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఆయన్ని చూడగానే చుట్టూ మూగారు. మనకోసం ఆఫీసుకే వచ్చాడు, మంచి మనిషి అనుకున్నారు వాళ్లు. ఒకడు నీళ్ల సీసా ఇచ్చాడు, ఇంకొకడు తన చోటు ఇచ్చాడు. ఎవరి పని మీద వచ్చారన్నా అని అడిగితే, తెలిసినోళ్ల పని అన్నాడు. అంటూ బిడ్డ ముఖం తువ్వాలుతో కప్పాడు. ఎండకే అనుకున్నారు. ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, రెండో చేత్తో నలుగురి ఫారాలు దిద్దిపెట్టాడు. ఏ ఒక్కరికీ పాఠం చెప్పలేదు. జ్వరమేమో అని ఒకతను ఆయన నుదురు తాకి చూశాడు.

పదకొండు దాటాక కిటికీలోంచి గట్టిగా పిలిచారు.

"అనమ్ సనావుల్లా."

సనావుల్లా కదలకపోతే, పిలిచిన ఆఫీసరు ఈ ఉల్లంఘన చేసిన మనిషి ఎక్కడ అని అరబ్బీలో అడిగాడు. అరబ్బీ అర్థమైనవాళ్లు చుట్టూ చూశారు. సనావుల్లా తువ్వాలు తీసి, అనమ్‌ని రెండు చంకల కింద పట్టుకుని కిటికీ ఎత్తుకి ఎత్తాడు. అనమ్ అప్పటిదాకా నిద్రపోయి, ఇప్పుడు కళ్లు ఇంతింత చేసి ఆఫీసరుని చూసింది. వరుసలో నవ్వు వచ్చింది, వెనక నుంచి మెల్లగా మొదలై.

ఆఫీసరు నవ్వలేదు. ఫారం పైనుంచి కిందికి చదివాడు. కింద టైపింగ్ సెంటర్ ముద్ర, టైపు చేసినవాడి పేరు ఉన్నాయి.

"ఇది టైపు చేసింది నువ్వేనా?"

"నేనే."

"బాగా చేశావు. ఒక్క తప్పు లేదు." అని వేలు ఒక గడి మీద పెట్టాడు. పదకొండేళ్ల అలవాటు, సనావుల్లా చేతులు ఆయన్ని అడక్కుండానే ఆ వాక్యం కొట్టేశాయి. "చట్టం తెలియకపోవడం వల్ల అని ఉంది. తెలియనిది ఎవరికి?"

వెనక వరుసలో ఎక్కడో భీమరాజు ఉన్నాడని సనావుల్లాకి తెలుసు. తెలిసే వచ్చేశానని చెప్పిన మనిషికి తను ఏం చెప్పాడో కూడా గుర్తుంది.

"పాపకండీ," అన్నాడు అరబ్బీలో.

ఆఫీసరు ఇప్పుడు నవ్వాడు. పక్క కిటికీవాణ్ణి పిలిచి ఆ గడి చూపించాడు, అతనూ నవ్వాడు. అతని వెనకున్నాయన వచ్చి పాప బుగ్గ పట్టుకున్నాడు. తర్వాత ఫారం మీద ఏదో రాసి, తండ్రి వీసా మీదే చేస్తారు, కుటుంబాల కౌంటరుకి వెళ్లు, యల్లా అన్నాడు. సనావుల్లా పక్కకి తప్పుకుంటూ వెనక్కి చూస్తే, తను పాఠాలు చెప్పినవాళ్లంతా ఆయన్ని కాకుండా అనమ్‌ని చూసి చేతులు ఊపుతున్నారు. తమ మనిషే కదా.

ఆ శుక్రవారం మూర్తి పేపరుతో దిగాడు. కబురు ఆయన కంటే ముందే మెట్లెక్కిందని ఆయన మీసం కింద నవ్వు చెబుతూనే ఉంది.

"ఇంతకీ గోడ కట్టాలంటారా, వద్దంటారా?"

"కట్టనీండి మూర్తిగారూ," అన్నాడు సనావుల్లా తెర మీంచి కళ్లు తీయకుండా. "గేటు పక్కన ఒక టైపింగ్ సెంటర్ మాత్రం పెట్టమనండి."

భీమరాజుకి ఆగస్టులో ఔట్‌పాస్ వచ్చింది. ప్రయాణం ముందు రోజు సెంటర్‌కి వెళ్లి, అక్కడి నుంచి సనావుల్లాతో కలిసి భోజనానికి ఇంటికొచ్చాడు. కూర్చోగానే ముందు అనమ్ పాస్‌పోర్టు అడిగాడు. ఇవ్వడానికి సనావుల్లా జేబు తడుముకున్నాడు, తర్వాత ఫైలు చూశాడు. జైబున్నీసా లోపలికెళ్లి బియ్యం డబ్బా మూత తీసి మూడు పాస్‌పోర్టులు పట్టుకొచ్చింది. గడువు తేదీలు కూడా ఫ్రిజ్ మీద తనే అంటించింది. ఆ ఇంటి సరిహద్దు భద్రత ఇప్పుడు ఆమె శాఖ.

భీమరాజు పేజీలు తిప్పి ముద్ర దగ్గర ఆగాడు. బొటనవేలితో ఒకసారి తడిమి చూశాడు.

"రేపు విమానం కాడ నా కండ్ల ఫోటో తీస్తరంట భాయ్, మళ్ల వస్తే గుర్తువట్టనీకి. నీ బిడ్డ లెక్క నేను గూడ కండ్లు మూసుకుంటే?"

మళ్లీ రానిస్తారో లేదో సనావుల్లాకి నిజంగానే తెలియదు. తెలియదనే చెప్పాడు. ఆయన నోట ఆ మాట వినడం జైబున్నీసాకి అదే మొదలు. ఆమె భీమరాజు పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.