కోటలో మూసిన గుమ్మం

బాలప్ప గోడలతో మాట్లాడతాడని చిక్కడపల్లి కూలీల అడ్డా మీద అందరూ ఏడిపించేవారు. మాట్లాడటం కాదు పాపం, తాపీ పిడితో తట్టి వినేవాడు. ఎక్కడ గట్టి, ఎక్కడ డొల్ల, చెవితోనే చెప్పేసేవాడు. అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్న తొంభై ఆరో సంవత్సరం అది. అమావాస్య నాడు తాపీ పట్టరు కనుక, తోటి మేస్త్రీలు తిమ్మప్ప, పెద్దులుతో కలిసి పాలమూరు బస్సెక్కాడు. సంస్థానం కోట చూడటానికని పేరు.

అసలు సంగతి వేరు. బాలప్పకు ఎనిమిదేళ్లప్పుడు తండ్రి మాసయ్య ఆ కోట మరమ్మతుకు వెళ్లాడు. జతగాళ్లు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. ఇరవై రెండేళ్లు గడిచినా తల్లి లక్ష్మవ్వ దినం చేయనివ్వలేదు. ఇప్పుడు మంచాన పడి, "ఉన్నడో లేడో తెల్సుకొనిరా బిడ్డా. బొట్టుతోని పోవాల్నా, తీసి పోవాల్నా?" అంది.

కోటలో జనమంతా అద్దాలూ పల్లకీలూ చూస్తుంటే మన మేస్త్రీలు గోడలు చూశారు. బుద్ధి ఎక్కడికి పోతుంది! రాణివాసం చివర ఒక గుమ్మాన్ని ఇటుకలతో మూసేశారు. బాలప్ప వేలి కణుపుతో తట్టాడు. డొల్ల. చెవి ఆనించాడు. తడి సున్నం వాసన గుప్పుమంది, ఇప్పుడే కలిపినట్టు.

పై వరస చివరి ఇటుక నిలువుగా ఉంది. గోడ ముగిసిందని అలా నిలబెట్టడం మాసయ్య ఒక్కడి అలవాటు. బాలప్ప తిమ్మప్పను దగ్గరికి పిలిచాడు.

తిమ్మప్ప ఇటుకల సందులు తడిమి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇటుకల మధ్య పెట్టిన సున్నం మాలు ఇవతలికి పొంగి, అట్లాగే ఎండిపోయి ఉంది. ఏ మేస్త్రీ అయినా తాను నిలబడ్డ వైపు పొంగిన మాలు తాపీతో గీసేస్తాడు.

"అన్నా, గిది ఇవతల నిలవడి కట్టింది కాదే. లోపల నిలవడి కట్టిండు."

వాచ్‌మన్ రాజేశాన్ని అడిగారు. "ఆ గదికి ఇంకో దారి ఉన్నదా?"

"ఎక్కడిది? గిదొక్కటే తలుపు. కిటికీ సుత లేదు. ఎవరు మూసిండ్రో ఎర్కలేదు" అన్నాడతను, అటు చూడకుండానే. పగలగొట్టమని అడిగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

దీపాల వేళకు బాలప్ప ఇల్లు చేరాడు. లక్ష్మవ్వ కళ్లతోనే అడిగింది.

"లేడవ్వా. పని మీదనే పోయిండు."

ఆమె ఏడవలేదు. కొంగుతో నుదురు తుడుచుకుంది. "చేతిల పని ఆగం చేసి పోయే మనిషి కాదు. పూర్తి చేసిండా?" అంది.

బాలప్పకు ఏడుపు ఆగలేదు.

"చేసిండవ్వా. సందు లేకుంట కట్టిండు."