ముక్కక్క దాణా గది

మా తోడికోడలికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దానితో పిలిస్తే ఆవిడే పలకదు. మా కోళ్లఫారంలో పనిచేసేవాళ్లు, లారీ డ్రైవర్లు, కోళ్ల డాక్టరు, చివరికి ఆవిడ కూతురి స్నేహితులు కూడా ముక్కక్క అనే అంటారు. ముక్కు మరీ పెద్దదేం కాదు. కోపం ఎప్పుడూ దాని మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కాపురానికి వచ్చిన కొత్తలో నేను అనుకున్నాను. అది సగమే నిజం.

మిగతా సగం ఏమిటంటే, కోడికూర ముక్క నోట్లో పెట్టుకుని ఆ కోడి ఏం తిని పెరిగిందో ఆవిడ చెప్పేస్తుంది. ఒకసారి చుట్టాలింట్లో భోజనానికి కూర్చున్నాం. మొదటి ముద్ద మింగీ మింగకముందే, "ఈ కోడికి చివర్లో తవుడు బాగా దట్టించారు" అంది. ఆ కోళ్లు పెంచింది ఆ ఇంటావిడ సొంత తమ్ముడు. ఏడాది పాటు వాళ్లు మా గడప తొక్కలేదు.

"మెచ్చుకుంటే నీ సొమ్మేం పోయింది అక్కా?" అని దారిలో అడిగాను.

"నేనేం తిట్టలేదే! ఉన్నమాట అన్నాను. అయినా కోడంటే ఏంటనుకున్నావ్? నడిచే దాణా. లోపల ఏది వేస్తే బయటికి అదే వస్తుంది."

ఈ మాట నాకు పాతికసార్లు చెప్పి ఉంటుంది. మొక్కజొన్న బాగా తిన్న కోడికి చర్మమూ కొవ్వూ పసుపురంగుకి వస్తాయి. సోయా చెక్క, అంటే నూనె తీసేసిన సోయా పిండి, చాలకపోతే కండ పట్టదు, ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి. నూనె ఎక్కువైతే బరువు తూగుతుంది గానీ కోసి చూస్తే పొట్ట నిండా కొవ్వే. చేపపొడి సంగతి వేరు. పసికోడికి అది ప్రాణం, కాళ్లు నిలబడేది దానితోనే. కానీ అమ్మకానికి ముందు రెండు వారాలు దాని నీడ కూడా దాణా మీద పడకూడదు. పడిందా, కోడికూర వండిన గిన్నెలోంచి చేపల వాసన వస్తుంది.

ఈ విద్యంతా నడిచేది మా రెండో షెడ్డు వెనక ఉన్న రేకుల గదిలో. ఒక కిటికీ, ఒక కాటా, మూడుసార్లు తంతే గానీ తిరగని మోటారున్న కలిపే డ్రమ్ము, చెక్క బల్లల మీద వరసగా సంచులు. ఇరవై రెండేళ్లుగా ఆ గది ఆవిడదే. లోపలికి వెళ్లేటప్పుడు మా బావగారి పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుంటుంది. కలిపిన దాణా గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుని, తల ఊపితేనే బండి షెడ్డుకి కదలాలి. సంచుల మీద ఏం ఉందో రాసే అలవాటు ఆ గదిలో లేదు. రాయడమెందుకు, ముక్కుందిగా!

ఆ గదికి ముప్పు మా బావగారి నుంచే వచ్చింది. ఆయన మంచివాడు, కానీ ఆ మోటారుని తన్నీ తన్నీ ఆయన కాలు విసిగిపోయింది. ఒకరోజు కంపెనీ దాణా సంచులు నలభై దింపించాడు. గుళికల్లా ముద్దుగా ఉన్నాయి.

"విప్పడం, పోయడం. అంతే! నువ్వు కూడా హాయిగా కూర్చోవచ్చు" అన్నాడు అక్కతో.

"నేను కూర్చుంటానని మీకు ఎవరు చెప్పారండీ?" అంది అక్క. ఆ రోజు వంటింట్లో గిన్నెలన్నీ గట్టిగా మాట్లాడాయి.

చివరికి పందెం కుదిరింది. ఒకేరోజు పుట్టిన పిల్లల్ని తెచ్చి షెడ్డుకి మధ్యలో వల కట్టారు. ఇటు సగానికి అక్క దాణా, అటు సగానికి కంపెనీ దాణా. నలభై రెండో రోజున, మా దగ్గర కోళ్లు కొనే ఆసుపత్రి వంటశాల పెద్ద వంటాయన వచ్చి, ఇటొకటి అటొకటి వండుకుని రుచి చూస్తాడు. రోగులకి పెట్టే తిండి కాబట్టి ఆయన నాలుక మహా నిక్కచ్చి. ఆయన ఏది బాగుందంటే ఫారమంతా ఆ దాణాయే. ఓడితే దాణా గదికి తాళం. అక్క ఒప్పుకుంది. ఆవిడ ధైర్యమంతా ముక్కులో ఉంది మరి.

మూడో వారంలో అక్కకి జలుబు చేసింది. తుమ్ములు, జ్వరం, నాలుగు రోజులు పడక. లేచాక మళ్లీ మామూలుగానే తిరుగుతోంది. ఒక పొద్దున్న నేను షెడ్డు నుంచి ఇంట్లోకి వచ్చేసరికి వంటింట్లోంచి నల్లటి పొగ. పొయ్యి మీద పాలు మాడి బొగ్గయిపోయాయి. మూడడుగుల దూరంలో అక్క పీట మీద కూర్చుని, గోడవైపు తిరిగి ఉల్లిపాయలు తరుగుతోంది. చక్కగా కూనిరాగం తీస్తోంది కూడా.

నేను పొయ్యి ఆపి ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ మాడిన గిన్నె చూసింది, నన్ను చూసింది. కత్తి కింద పెట్టింది.

"వాసనేమీ తెలియట్లేదే" అంది మెల్లగా. "జలుబు పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. అన్నం మట్టిలా ఉంది. మీ బావకి చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అలాంటిదాన్ని ఆ రహస్యం మింగి కూర్చున్నాను. ఆవిడ కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు, నాకూ ఏడుపొచ్చింది.

ఇరవై ఎనిమిదో రోజున చివరి దశ దాణా కలపాలి. అంటే చేపపొడి ఆపేసి, ఆ లోటు సోయాతో పూడ్చాలి. అక్క నాకు కూడా మా ఆయన పాత చొక్కా ఒకటి తొడిగి గదిలోకి తీసుకెళ్లింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మొక్కజొన్న ఆడించాం, సంచులు మోశాం. సోయా సంచి ఒకటి తక్కువైతే మూలనున్న మరో సంచి విప్పింది. గోధుమరంగు పొడి, చేతికి మెత్తగా తగిలింది.

"ఇదేంటో చూడు" అంది.

నేను ముక్కు పెట్టాను. ఆ గదంతా ఒకటే వాసన, ఆ సంచిదీ అదే వాసన. "సోయానే అక్కా" అన్నాను, పెద్ద నిపుణురాల్లా. ఆవిడ తల ఊపింది. బండి కదిలింది.

ఎనిమిది రోజులు అంతా సవ్యంగా నడిచింది. మా సగం కోళ్లు బరువులో కూడా కంపెనీ కోళ్లని అందుకోబోతున్నాయని నేను మురిసిపోయాను. ముప్పై ఆరో రోజున కోళ్లని మచ్చిక చేసి కాటా వేయడానికని దాణా గుప్పెడు చొక్కా జేబులో పోసుకుని, మిగిలినదానితో అలాగే ఇంటికి వచ్చాను. మా ఇంటి పిల్లి మహా గర్విష్ఠి, పాలు పోసినా బతిమాలించుకుని తాగే రకం. అలాంటిది నా వెనకే పడింది. కాళ్లకి రాసుకుంటూ, అరుస్తూ, చివరికి ఎగిరి జేబుకి వేలాడింది. జేబు చిరిగి దాణా కింద పడింది. పిల్లి దాణా తింటోంది! మొక్కజొన్న నూక వదిలేసి, పొడి మాత్రం నాకుతోంది.

పిల్లి సోయా నాకదు. ఒక్క పరుగున గదికి వెళ్లి చెప్పాను.  అక్క ఆ మూల సంచి ఒంపి, చివరికంటా చేత్తో తడిమింది. అడుగున చిన్న ఎండు చేప తల దొరికింది.

"తప్పంతా నాదే అక్కా" అన్నాను.

"నీది కాదులే. పొద్దుటి నుంచి ఆ గదిలో ఉన్నవాళ్లకి ఆ వాసన వాసనలా తెలియదు. నేనే నిన్ను ముందు బయట గాలిలో నిలబెట్టాల్సింది."

"ఇంకా ఆరు రోజులున్నాయిగా. ఇప్పుడు ఆపేస్తే కొద్దిగానే ఉంటుందేమో. ఎవరికి తెలుస్తుంది? గమ్మునుందాం."

అక్క నన్ను ఎలా చూసిందంటే, ఇప్పటికీ తలుచుకుంటే తల దించుకుంటాను. "ఇరవై రెండేళ్లు ఊరందరి కోళ్లకీ వంకలు పెట్టాను. ఇప్పుడు చేపకంపు కోడిని ఆసుపత్రికి పంపి గెలవాలా? ఆ గది పోతే పోనీ. ఈ కోడి మాత్రం నా చేతిమీదుగా పోకూడదు."

ఆ పూట భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేసింది. ముక్కు పోయిన సంగతి, సంచి సంగతి, అన్నీ. నా పేరు మాత్రం ఎత్తలేదు. "నా కోళ్లు ఒంట్లోంచి ఆ కంపు కడుక్కోవడానికి ఇంకో ఎనిమిది రోజులు కావాలి. ఇవ్వనంటే ఇప్పుడే ఓడిపోయానని రాసుకోండి" అంది.

బావగారు కంచం పక్కకి నెట్టాడు. "ముక్కు పోయిందని నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గది గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "డాక్టరు దగ్గరికైనా వెళ్లావా?" అన్నాడు. అక్క కంచంలోకి చూస్తూ ముక్కు ఎగబీల్చింది. ఆ ముక్కు ఆ పని మాత్రం బాగానే చేస్తోంది.

బావగారే వంటాయనకి ఫోన్ చేసి సంగతి చెబితే, "ఎనిమిది రోజులేగా, కోళ్లు పారిపోవుగా" అన్నాడు. ఆ ఎనిమిది రోజులూ మా దాణా గదికి కొత్త ఉద్యోగి వచ్చింది. కలిపిన ప్రతి దాణా గుప్పెడు తీసుకెళ్లి గుమ్మంలో పిల్లి ముందు పోసేవాళ్లం. అది మూతి తిప్పుకుని పోతే బండి కదిలేది. వయసు మీరిన కోడికి కొవ్వు పేరుకుంటుందని అక్క నూనె తగ్గించి, సోయా కాస్త పెంచింది. సంచులన్నిటి మీదా నేను నల్లరంగుతో పేర్లు రాశాను. పనిలో పనిగా మా ఆయన చొక్కా మీద కూడా కాస్త పడింది.

యాభయ్యో రోజున వంటాయన వచ్చాడు. సన్నటి మనిషి, మాట పొదుపు. రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి, నీళ్లూ ఉప్పూ తప్ప ఏమీ వేయలేదు. మూతలు తీసినప్పుడు అక్క ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడింది. ముఖం చూసి వాసన పట్టాలి, వేరే దారి లేదు. నేను మాత్రం ఊపిరంతా లాగాను. రెండు గిన్నెల్లోనూ కోడి వాసనే.

వంటాయన కంపెనీ కోడి చారు చెంచాతో తిప్పాడు. పైన వేలెడు మందాన కొవ్వు తేలింది. ముక్క కొరికాడు, నమిలాడు. మా కోడి ముక్క కొరికాడు. రెండోసారి కూడా తీసుకున్నాడు. మూడోసారి తీసుకున్నప్పుడు మా బావగారు నిట్టూర్చాడు.

"కంపెనీ దాణాలో తప్పేం లేదు. దాని లెక్క నలభై రెండు రోజులది, ఎనిమిది రోజులు ఎక్కువ మెక్కింది. ఇది చూడండి, కండ గట్టిగా ఉంది, చారు తేటగా ఉంది. మా రోగులకి ఇదే." ఆయన అక్క వైపు తిరిగాడు. "చెప్పకుండా ముందే కోసిచ్చి ఉంటే ఆ కంపుకి మీ గడప మళ్లీ తొక్కేవాణ్ణి కాదమ్మా."

మిగిలిన కంపెనీ సంచుల్ని బావగారు వెనక్కి పంపేశాడు. మర్నాడు డ్రమ్ముకి కొత్త మోటారు బిగించి, "ఇది తన్నకుండానే తిరుగుతుంది" అని అక్కకి మీట చూపించాడు. అందరం సంతోషించాం. అక్క కూడా నవ్వింది. కానీ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆవిడ ఇంకా మట్టి తింటున్న మనిషిలాగే ఉండేది. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. గది దక్కింది గానీ గదిలోకి వెళ్లే మనిషి పూర్తిగా దక్కలేదని నాకు లోలోపల దిగులు.

అందుకే ఒక పని చేసేదాన్ని, ఎవరికీ చెప్పలేదు. వారానికొకసారి, అక్క దాణా గదిలో ఉన్నప్పుడు, గ్లాసుడు పాలు కావాలనే మాడబెట్టేదాన్ని. వంటింటి కిటికీ ఆ గదివైపే ఉంది. వారం తర్వాత వారం గిన్నెలు తోముకున్నాను. "నీకు పెళ్లయి పన్నెండేళ్లయినా పాలు కాయడం రాలేదు" అని మా ఆయన వెటకారం. పడ్డాను.

పద్నాలుగో వారం కాబోలు. పాలు అడుగంటాయి, పొగ మొదలైంది. నేను పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చూస్తున్నాను. దాణా గదిలో మోటారు ఆగింది.

"ఏమేవ్! పాలు మాడిపోతున్నాయి! పొయ్యి మీద గిన్నె పెట్టి ఎక్కడ చచ్చావే?"

నేను లేవలేదు. అక్కడే కూర్చుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అక్క తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి, గుమ్మంలో ఆగి, గిన్నెనీ నన్నూ చూసి, గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చింది. తర్వాత తనే వచ్చి పొయ్యి ఆపింది.