చప్పుడు చేసిన కాలు

వడ్రంగికి దెబ్బ తగిలిన సంగతి అతనికన్నా ముందు వాళ్ల అక్కకు తెలుస్తుంది. అతనికి పుట్టుకతోనే ఆటిజం. నొప్పి అతని దాకా రావడానికి బద్ధకిస్తుంది. కాలరు వెనక లేబుల్ మాత్రం తేలు కుట్టినట్టే ఉంటుంది, అందుకే ప్రతి చొక్కాకీ ఉలితో కోసి పారేస్తాడు. రోజూ సాయంత్రం అక్క అతని చేతులూ కాళ్లూ తిప్పి చూస్తుంది, అతను కొత్త చెక్కను తడిమి చూసుకున్నట్టు. ఆ రోజు గచ్చు మీద టక్కు టక్కుమంటూ వచ్చాడు.

"నీ కుడికాలు చప్పుడు చేస్తోందేంట్రా?" అంది అక్క. చూస్తే చెప్పులోంచి పాదంలోకి మేకు దిగి ఉంది.

"పొద్దున్నుంచీ దీన్నే వెతుకుతున్నా" అన్నాడు సంబరంగా.

ఆస్పత్రిలో డాక్టరు మేకు లాగుతూ, "నొప్పి పదిలో ఎంత?" అని అడిగాడు. వడ్రంగి తలెత్తి పైకి చూశాడు.

"కాలిది సున్నా అండి. ఆ ట్యూబులైటు గుయ్యిమంటోంది, దానికి తొమ్మిది."

అక్క లేచి లైటు ఆర్పింది. ఇరవై ఏళ్లుగా ఆ గదిలోనే కూర్చుంటున్న డాక్టరుకు, అక్కడ ఒక మోత ఉండేదని అప్పుడు తెలిసింది.